‘పోయొస్తా’ అనని పిల్ల

చెయ్యను అనే మాటకూ చెయ్యలేను అనే మాటకూ తేడా ఒకే ఒక్క అక్షరం, ‘లే’. ఒక మనిషి నోటి వెంట ‘చెయ్యను’ అని వినబడినప్పుడు ఆ అక్షరం నిజంగానే అందులో లేదా, లేక గొంతులో ఎక్కడో ఇరుక్కుని బయటికి రాలేదా? వినేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? నందిత కథ ఎటువైపు నుంచి మొదలుపెట్టినా ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగిపోతుంది. ఇన్నాళ్ళయినా దీనికి జవాబు లేదు. ఆ పిల్లను కన్న అమలకూ లేదు. జవాబు దొరక్కముందే వాళ్ళ ఇంటి ముందుకు వ్యాను వచ్చి నిలబడింది.

నగరిలో వాళ్ళది మరమగ్గాల వీధి. ముందు వసారా, నడిమిల్లు, వంటిల్లు, వెనక రేకుల షెడ్డులో రెండు మగ్గాలు, షెడ్డు పక్కగా సందులోకి ఒక వెనక వాకిలి. పొద్దున కరెంటు వచ్చింది మొదలు వీధంతా ఒకటే చప్పుడు. అందులో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ చప్పుడు వినపడదు, ఆగినప్పుడే వినపడుతుంది. కరెంటు పోయి వీధి మొత్తం ఒక్కసారిగా మూగబోతే, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు జనం తలలెత్తి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

నందిత మొండితనం గురించి అమల మొదట భయపడింది అలాంటి నిశ్శబ్దంలోనే. పిల్ల అప్పుడు ఒకటో తరగతి. భుజానికి సంచి తగిలించుకుని గడప దగ్గరికి వచ్చింది. అత్త పెంచలమ్మ వసారాలో కూర్చుని కండెలు చుడుతోంది. ఆ ఇంట్లో ఎవరూ ‘పోతా’ అని గడప దాటరు. పోతా అంటే అశుభం. పోయొస్తా అనాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు పోయిరా అనాలి, అప్పుడే కాలు బయట పెట్టాలి.

“పోయొస్తా అవ్వా అని సెప్పి పో పాపా,” అంది పెంచలమ్మ.

“సెప్పను.”

“అట్ట సెప్పకుండా పోగూడదు మే. నువ్వు పోయొస్తా అంటే నేను పోయిరా అంటాను. అంతే గదా. నోరు అరిగిపోతాదా?”

పిల్ల ఒక కాలు గడపకు అవతల, ఒక కాలు ఇవతల పెట్టి నిలబడిపోయింది. ఆ రోజు బడిలో డాన్సు నేర్పుతారని వారం నుంచి కలవరిస్తున్న పిల్ల. పోవాలని ఒళ్ళంతా తహతహలాడుతోంది, అది కంటికి కనబడుతూనే ఉంది. కానీ నోరు విడలేదు. నుదుటి మీద చెమట పట్టింది, కళ్ళు నిండాయి, చేతివేళ్ళు సంచి పట్టీని తెల్లబడేదాకా బిగించాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వీధంతా ఆగిన ఆ నిశ్శబ్దంలో పిల్ల ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా వినబడింది. ఇది మొండితనం కాదేమో అని అమలకు ఆ క్షణంలో అనిపించింది. ఏమిటో మాత్రం తెలియలేదు.

పెంచలమ్మ విసుగుపుట్టి లోపలికి పోయి నడుం వాల్చింది. ఆమె కన్ను మూసి తెరిచేలోపు గడప దగ్గర పిల్ల లేదు. అప్పటి నుంచి నందిత ఎక్కడికి పోయినా అంతే. ఎవరికీ చెప్పదు. ఇంట్లోవాళ్ళు తలెత్తి చూస్తే ఆమె ఉన్న చోటు ఖాళీగా ఉంటుంది.

చిన్నప్పుడు అది నవ్వులాటగానే ఉండేది. నీళ్ళు పోసుకో అంటే, “నేనిప్పుడు నందితను గాదు, మేకను. మేకలు నీళ్ళు పోసుకోవు,” అని నాలుగు కాళ్ళ మీద ఇల్లంతా తిరిగేది. అన్నం తిను అంటే, “నా నోరు నిద్రపోయిండాది, లేపితే ఏడుస్తాది,” అనేది. వీధి వీధంతా ఆ మాటలు చెప్పుకుని నవ్వేవాళ్ళు. గట్టిగా పట్టుబడితే మాత్రం నవ్వు ఆగిపోయేది. చేతికందింది విసిరేది, చెయ్యి పట్టుకున్నవాళ్ళను కరిచేది, అటకెక్కి మూలకు నక్కి చొక్కా అంచు నములుతూ సాయంత్రం దాకా దిగేది కాదు. వింతేమిటంటే తనకు ఇష్టమైన పనైనా సరే, ఎవరైనా చెయ్యమంటే చేతిలోంచి జారిపోయేది. బొమ్మ వేసుకుంటున్న పిల్లను చూసి, “బాగుండాది పాపా, ఇంకోటి ఎయ్యి,” అని అమల ముచ్చటపడిందంటే పెన్సిలు కిందపడ్డట్టే. మెచ్చుకోలు కూడా ఆ పిల్లకు బరువే.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు.

“ఆయమ్మలో పోలేరమ్మ కూసోనుండాది. అమ్మోరికి ఎవురన్నా పని సెప్తారా?” అంది పెంచలమ్మ. కోడిని కోసి మొక్కు తీర్చింది. తండ్రి గుణశేఖర్ దాన్ని పొగరు అన్నాడు. ఒకసారి బెత్తం పట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత పిల్ల అన్నం ముట్టక, మాట్లాడక, గోడకేసి తిరిగి పడుకుంటే ఆ బెత్తాన్ని తనే విరిచి పొయ్యిలో పెట్టాడు. బడిలో అయ్యవార్లు పెంపకం అన్నారు, అంటే అమల. ఒక బడి మార్చారు, ఇంకో బడి మార్చారు, పదో తరగతి పరీక్ష ఇంట్లోనే చదివించి కట్టించారు. చిత్తూరులో ఒక డాక్టరు ఆటిజం అన్నాడు. తిరుపతిలో ఇంకో పెద్ద డాక్టరు కాదన్నాడు. “కళ్ళలోకి చూసి మాట్లాడుతోంది, నాతోనే జోకులు వేస్తోంది. ఆటిజం ఎక్కడిదమ్మా? మీరు అలుసిచ్చారు,” అని పంపించేశాడు.

చివరికి తిరుపతిలోనే అలిపిరి రోడ్డులో ఒక చిన్న గదిలో కూర్చునే మోనిక దగ్గరికి పోయారు. ఆమె సైకాలజిస్టు. వయసు చిన్నదే. నందితను ఏమీ అడగలేదు. బల్ల మీద రంగుకాగితాలు పెట్టి, తన పాటికి తాను ఒక పడవ చేసుకుంటూ కూర్చుంది. కాసేపటికి నందిత కూడా ఒక కాగితం లాక్కుంది. తర్వాత పిల్ల బయటికి వెళ్ళి కిటికీ కింద అరుగు మీద కూర్చున్నాక, మోనిక అమలతో మాట్లాడింది.

“అమ్మా, ఇట్లా ఎవరేం చెప్పినా లోపల బిగుసుకుపోయే పిల్లలు ఉండారు. దీనికి డిమాండ్ అవాయిడెన్స్, అంటే డిమాండును తప్పించుకోవడం అని ఒక పేరు పెట్టినారు.”

“డిమాండంటే మేడమ్? దీపావళికి మా చీరలకు వస్తాదే, అదా?”

మోనిక నవ్వేసింది. “అదేనమ్మా. అడిగేవాళ్ళు ఎక్కువైతే మీకు సంబరం. ఈ పిల్లకు ఊపిరాడదు.”

“మరి ఇది ఆటిజమా, కాదా?”

“ఒకే మాట చెప్తే అబద్ధం చెప్పినట్టే. ఇది ఆటిజంలోనే ఒక రకం అనేవాళ్ళు ఉండారు. రకమూ కాదు పాడూ కాదు, భయం తలకు మించితే ఎవరైనా ఇట్లే చేస్తారు అనేవాళ్ళూ ఉండారు. రోగాల పుస్తకాల్లో దీనికింకా సొంత చోటు ఇవ్వలేదు. ఆటిజం ఉండే పెద్దోళ్ళే కొందరు, మీరు చెప్పింది వినకపోతే దానికొక జబ్బు పేరా అని కోప్పడతారు. వాళ్ళలోనే ఇంకొందరు, ఈ పేరు దొరికినాకే మేం ఎందుకిట్లున్నామో తెలిసింది అంటారు.”

“మీరేమంటారు?”

“నందితలో ఆటిజం ఉందనే నా నమ్మకం. ఈ బిగుసుకుపోవడం అందులోంచి వచ్చిందా, దాని పక్కన పుట్టిందా అంటే నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పే వాళ్ళంటే నాకు భయం.”

తిరుగు ప్రయాణంలో ఊరి ముందర రైలు గేటు పడింది. బస్సు ఆగింది. మోనిక మాటలన్నీ నందిత కిటికీ కింద కూర్చుని విన్నదని అమలకు అప్పుడు తెలిసింది. పిల్ల తల్లి వైపు చూడకుండా, గేటునే చూస్తూ మాట్లాడింది.

“ఎవురన్నా ఒగ పని సెప్తే నాకు లోపల ఇట్టా పడతాది మా. ఆపక్క నాకు కావాల్సింది కనబడతానే ఉంటాది. అన్నం గానీ, డాన్సు గానీ. పోలేను. గేటేసేది నేను గాదు.”

“మరి ఎత్తేదెవరు పాపా?”

“రైలు పోవల్ల గదా.”

“ఏం రైలు?”

“తెలీదు. వస్తాండే సప్పుడు మాత్రం ఎప్పుడూ వినబడతాది,” అంది. పట్టాల మీద ఏ రైలూ ఇంకా కనబడలేదు. గేటు గంట మాత్రం మోగుతూనే ఉంది.

నందితతో ఎలా మాట్లాడాలో దారి చూపించింది పెంచలమ్మే, అదీ తనకు తెలియకుండా. ఆమె కోడలిగా వచ్చిన కాలంలో మామతో ఎదురుపడి మాట్లాడే ఆచారం లేదు. మామకు చెప్పవలసింది స్తంభానికో, పిల్లికో చెప్పేది. ఒకనాడు కీళ్ళ నొప్పులతో కూర్చుని, నందితతో వేగలేక, విసుగ్గా షెడ్డు వైపు తిరిగి పాత అలవాటు కొద్దీ అనేసింది. “ఓ మగ్గమా, నీళ్ళు కాగినాయి. పోసుకునేవాళ్ళుంటే పోసుకుంటారు, లేకుంటే సల్లారతాయి. నాకేమి?”

నందిత పకాలున నవ్వింది. నవ్వి, లేచి వెళ్ళి నీళ్ళు పోసుకుంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరూ మగ్గంతోనే మాట్లాడారు. గుణశేఖర్ కూడా, మొదట సిగ్గుపడి, తర్వాత హుషారుగా. “ఏం మగ్గమా, బజార్లో ఎర్రరంగు నూలు వచ్చినాదంట, సూడాలనుకునేవాళ్ళు ఉండారేమో తెలీదు.” ఆ రోజుల్లోనే నందిత షెడ్డులోకి రావడం మొదలుపెట్టింది. నిలువు దారాల పడుగులో పోగు తెగిందంటే మగ్గం ఆపి, తెగిన కొసలు వెతికి, వేళ్ళతో మెలిపెట్టి అతికేది. ఎవరూ చెప్పలేదు, నేర్పలేదు, మెచ్చుకోలేదు. మెచ్చుకోకుండా ఉండడమే అమలకు నోరు కట్టేసుకున్నంత పని. పోగు అతికాక నందిత ముఖంలో ఒక వెలుగు వచ్చేది. గేటు ఎత్తేసిన దారిలా ఉండేది ఆ ముఖం.

ఆ మంచిరోజులు ఒక ఏడాది నిలిచాయి. ఒక మధ్యాహ్నం పెంచలమ్మ ఎప్పటిలా, “మగ్గమా, అన్నం వడ్డించినాము,” అంది. నందిత చేతిలో పోగుతో అలాగే ఆగిపోయింది.

“మగ్గానికి సెప్పేదీ నాకే గదవ్వా.”

ఆ పూట ఆ అన్నం అలాగే ఎండిపోయింది. అంతటితో మగ్గం కూడా ఆజ్ఞ ఇచ్చే మనిషైపోయింది.

ఆ తర్వాత జరిగిందే లారీ సంగతి. పెద్దరోడ్డు మీద గుణశేఖర్ నూలు మూటలు దింపుతున్నాడు. నందిత తనంతట తానే వెంట వచ్చింది. పుత్తూరు వైపు నుంచి వస్తున్న లారీ అదుపు తప్పి పక్కకు దూసుకొచ్చింది. “నందూ, పక్కకు రా!” అని అరిచాడు గుణశేఖర్. ఏ తండ్రైనా అరుస్తాడు. నందిత లారీని చూసింది, తండ్రిని చూసింది. పెదవులు కదులుతున్నాయి. పాదం మాత్రం నేలను వదల్లేదు. లారీ ఆమెను రాసుకుంటూ పోయి కరెంటు స్తంభానికి గుద్దుకుంది. గుణశేఖర్ నడిరోడ్డు మీద కూతురి చెంప మీద కొట్టి, కొట్టిన చేత్తోనే తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. “నేను రా అనకుంటే పక్కకొచ్చుండేది మే. రా అన్నందుకే నిలబడిపోయింది. నా నోటితోనే బిడ్డను సంపేసుందును.”

అతను చెప్పింది నిజం.

గుణశేఖర్ వాళ్ళ అన్న ధనంజయ చీరల వ్యాపారి. నలుగురిలో తిరిగేవాడు, నవ్వించేవాడు. ఆయన ఈ కబురు విని వచ్చాడు. “ఏందప్పా, పిల్ల మాట వినకుంటే ఇంత ఏడుపా? నా పెండ్లాం నా మాట విని ఎన్నేండ్లాయ,” అని అందరినీ నవ్వించి, తర్వాత గొంతు తగ్గించాడు. చంద్రగిరి దాటినాక మామిడితోటల మధ్య ఒక హోమ్ ఉందన్నాడు. ఇలాంటి పిల్లలను దారిలో పెడతారన్నాడు. “నిప్పంటుకునింది బయటికి రా అంటే రాని పిల్లను ఇంట్లో పెట్టుకోని ఎట్ట నిద్రపోతారు మీరు?”

అమల, గుణశేఖర్, ధనంజయ పోయి చూశారు. పెద్ద కాంపౌండు, శుభ్రమైన వరండా. గోడ కింద పూలకుండీలు. కిటికీలకు ఇనుప జాలీ. అన్నిటికంటే ముందు అమలకు తెలిసింది అక్కడి నిశ్శబ్దం. కరెంటు పోయిన వీధి లాంటి నిశ్శబ్దం, కాని ఎవరూ తలెత్తి చూడడం లేదు. పిల్లలు వరసగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

ఆ హోమ్ నడిపే ఆయన తెల్లచొక్కా, మెత్తటి గొంతు. కాఫీ తెప్పించి కూర్చోబెట్టాడు. “ఇక్కడికి వచ్చేటప్పుడు అందరూ చెయ్యను అనేవాళ్ళేనమ్మా. ఇప్పుడా మాట మీకు వినపడదు. ఒకసారి చూడండి. నిస్సీ!”

నందిత ఈడు పిల్ల ఒకతె లేచి వచ్చింది. మణికట్టు మీద పాత మచ్చలు గాజుల్లా చుట్టుకుని ఉన్నాయి.

“అమ్మకు నమస్తే పెట్టు నిస్సీ.”

పెట్టింది.

“నీళ్ళు తాగు.”

తాగింది.

“ఇంకో గ్లాసు తాగు.” తాగింది. “ఇంకోటి.” ఆ పిల్ల గొంతు గుటకలు వేస్తోంది. నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారుతున్నాయి. చెయ్యి తుడుచుకోవడానికి పైకి లేవలేదు, తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు గనక.

“సాలు సార్, సాలు,” అంది అమల. తర్వాత ఉండబట్టలేక ఆ పిల్ల దగ్గరికి వంగి అడిగింది. “నీకేమంటే ఇష్టం పాపా?”

నిస్సీ తెల్లచొక్కా వైపు తిరిగింది. “ఏం చెప్పమంటారు సార్?” అంది.

“అబ్బబ్బ! ఏమి పెంపకం!” అన్నాడు ధనంజయ. గుణశేఖర్ తన కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. కారులో తిరిగొస్తున్నప్పుడు అమల ముఖం చూడకుండా అన్నాడు.

“బతికైతే ఉంటాది గదా.”

అమల మోనికకు ఫోన్ చేసింది. మోనిక అంతా విని, “మాట వినడం నేర్పుతారమ్మా, అది నిజమే. భయాన్ని అంతకంటే పెద్ద భయంతో తొక్కిపెడతారు. లోపల ఏమి మిగులుతుందో నేను చెప్పలేను,” అంది. “మరి లారీ వస్తే మేడమ్?” అని అడిగింది అమల. మోనిక, “నా గది తలుపు తీసే ఉంటుంది. నందితకు ఆ సంగతి తెలిస్తే చాలు. రమ్మని మాత్రం చెప్పొద్దండి,” అంది. పిల్ల దగ్గర్లో ఉందని తెలిసే అమల ఫోను స్పీకరులో పెట్టి, తలుపు సంగతి మాత్రం ఇంకోసారి చెప్పించుకుంది.

శుక్రవారం వ్యాను వస్తుందని ధనంజయ చెప్పాడు. నందితకు చెప్పవద్దని కూడా చెప్పాడు. ఎవరూ చెప్పలేదు. కానీ ఆ ఇంటివాళ్ళు చేసిన తప్పు వేరే ఉంది. మనసు గుచ్చుకుందో, జాలి పుట్టిందో, ఆ వారమంతా నందితకు ఎవరూ ఏ పనీ పురమాయించలేదు. తిను అనలేదు, పడుకో అనలేదు, పెంచలమ్మ కూడా గమ్మునుండిపోయింది. పందొమ్మిదేళ్ళుగా మాటల వానలో తడిసిన పిల్లకు ఆ ఎండ ఎందుకు వచ్చిందో అర్థం కాకుండా ఉంటుందా? ఆమె చొక్కా చేతి అంచు నమిలి నమిలి ఎప్పుడూ తడిగానే ఉండేది. షెడ్డులో తెగని పోగులను కూడా వేళ్ళతో తడుముతూ తిరిగేది.

శుక్రవారం పొద్దున్నే తెల్లవ్యాను వసారా ముందు ఆగింది. అందులోంచి ధనంజయతో పాటు ఇద్దరు మనుషులు దిగారు. ఒకడి చేతిలో మడిచిన దుప్పటి ఉంది. ఎండాకాలంలో దుప్పటి ఎందుకో అమల అడగలేదు. అడగకుండానే తెలిసింది.

“నువ్వే పిలుసుకోని రా మే,” అన్నాడు గుణశేఖర్. “నా నోరు నేను తెరవను.”

అమల షెడ్డులోకి పోయింది. నందిత రెండో మగ్గం వెనక నిలబడి ఒక పోగు కొసను వేలికి చుట్టుకుంటోంది. అమల ఆమెను చూడలేదు. వెచ్చని ఇనుము మీద చెయ్యి ఆనించి మగ్గంతో చెప్పింది, ఆ చప్పుడులో వినబడేటట్టు.

“వాకిట్లో వ్యాను వచ్చిండాది. ఇద్దరు మనుషులుండారు. ఎనక వాకిలి గడి తీసే ఉండాది.”

“నాకేనా సెప్తాండేది?” అంది నందిత.

“లేదు. మగ్గానికి.”

ఇద్దరికీ అది అబద్ధమని తెలుసు. అయినా నందిత పెదవి చివర చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది. వేలికున్న పోగు విప్పింది. దాన్ని పడుగులో దాని చోట పెట్టి అతికింది. తర్వాత వెనక వాకిలి వైపు నడిచింది.

వాకిలి దగ్గర ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో అమలకు వెంటనే అర్థం కాలేదు. కూతురి చూపు వెంట కిందికి చూసింది. పొద్దున తనే అక్కడ కూతురి చెప్పులు పెట్టింది. బయటి వైపుకు తిప్పి, జతగా, కాలు పెడితే చాలు అన్నట్టు. పక్కన సంచి, సంచిలో రెండు జతల బట్టలు. నోటితో చెప్పకపోతే చాలనుకుంది. కానీ ఆ చెప్పులు మాట్లాడుతున్నాయి. తొడుక్కో అంటున్నాయి. వెళ్ళు అంటున్నాయి. నందిత కాలివేళ్ళు ముడుచుకున్నాయి. భుజాలు బిగుసుకున్నాయి. గడప మీద ఒకటో తరగతి పిల్ల నిలబడి ఉంది.

అంతలో కరెంటు పోయింది. వీధంతా మూగబోయింది.

“యాడుండాది మే పాప? రమ్మను!” వసారాలోంచి ధనంజయ గొంతు. నడిమింట్లో కొత్త అడుగుల చప్పుడు. పరుగు లేదు, తొందర లేదు, అలవాటైన అడుగులు.

అమల కదిలింది. ఏదో గుర్తొచ్చినదానిలా వాకిలి దగ్గరికి పోయి, కూతురి చెప్పుల్లో తన కాళ్ళు పెట్టుకుంది. అవి ఇరుకు, మడమలు బయటికి వచ్చాయి. సంచి తీసి తన చంకన పెట్టుకుంది, మార్కెట్టుకు పోయే మనిషిలా. తర్వాత గోడ వైపు తిరిగి, ఆరవేసిన తువాలును ఊరికే మడవసాగింది. ఇప్పుడా వాకిట్లో నందితను ఏమీ అడిగే వస్తువు లేదు. ఎండ ఉంది, సందు ఉంది, అంతే.

వెనక ఊపిరి వినబడింది. కుక్కపిల్ల ఊపిరి లాంటి ఊపిరి. అది కాస్త నిదానించింది.

తువాలు మడతలోంచి అమల ఓరగా చూసింది. నందిత ఒట్టి కాళ్ళతో గడప దాటింది. చేతిలో ఏమీ లేదు. సందులో నేల అప్పటికే కాలుతోంది. ఎటు పోతుందో, అలిపిరి రోడ్డులో మోనిక గది దాకా చేరుతుందో, పెద్దరోడ్డు మీద ఎవరైనా జాగ్రత్త అని అరుస్తారో ఏమో. దూరంగా రైలు గేటు గంట మోగడం మొదలైంది.

పోయిరా అనే మాట అమల నోటి నిండా ఉంది. అంటే చాలు, పిల్ల ఆగిపోతుంది. ఆగితే దొరికిపోతుంది, అడుగుల చప్పుడు అప్పటికే షెడ్డు దాకా వచ్చేసింది. అమల తువాలు అంచును పళ్ళ మధ్య పెట్టి కొరికింది.

సందు మలుపు దగ్గర నందిత చొక్కా అంచు ఒక ముల్లుకంపకు తగులుకుంది. ఆమె వంగి నెమ్మదిగా దాన్ని విడిపించుకుంది, ఒక్క పోగు కూడా తెగకుండా. తల తిప్పలేదు. పోయొస్తా అనలేదు. మలుపు తిరిగింది.